పాదతాళపు పెట్టె

మంచి పాట చెవిని పడగానే, ఎవరును ఆజ్ఞాపింపకుండగనే, మన పాదము నేలను మెల్లగా తట్టుట ప్రారంభించును. తరగతిలో పద్యమును రాగయుక్తముగా చదువునప్పుడు బల్లల క్రింద ఎన్ని పాదములు ఆ విధముగా కదలుచుండునో ఉపాధ్యాయులకు తెలియును. కొందరు దానిని అల్లరి యని కోపింతురు. కాని తాళమునకు పుట్టినిల్లు ఆ కదలికయే.

తెలుగునాట పాటకును పాదమునకును గల చెలిమి నేటిది కాదు. ఏతము త్రొక్కు రైతులు తమ అడుగులకు సరిపడ పాటలు పాడుకొనుచు బావిలోని నీటిని చేనికి పారించెడివారు. కూచిపూడి నర్తకుల కాలిగజ్జెలు మృదంగముతో సరిసమానముగా పలుకును. హరికథకుడు కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిరుతలు పట్టి, పాటయు ఆటయు తానే యై సభను రంజింపజేయును. హరికథా పితామహుడని కీర్తి గాంచిన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945) రెండు చేతులతోను, రెండు పాదములతోను, శిరస్సుతోను వేరువేరు తాళములను ఒకే సమయమున చూపెడివారని ప్రసిద్ధి. బుర్రకథలో నడుమ నిలుచు కథకుడు తంబుర మీటుచు, వ్రేళ్ల అందెలు మ్రోగించుచు, గజ్జెల కాలితో అడుగులు వేయుచు కథ నడుపును. పొన్నెకల్లు గ్రామమున జన్మించిన షేక్ నాజరు (1920-1997) ఈ కళకు దేశమంతట గౌరవము తెచ్చెను. ఆయనకు 1986లో పద్మశ్రీ పురస్కారము లభించినది.

ఇతర దేశములందును ఈ ఆచారము కలదు. కెనడాలోని క్విబెక్ ప్రాంతమున ఫ్రెంచి సంతతివారు కుర్చీపై కూర్చుండి ఫిడేలు వాయించుచునే రెండు పాదములతో నేలపై తాళము వేయుదురు. అమెరికాలోని నల్లజాతి గాయకుడు జాన్ లీ హుకర్ 1948లో డెట్రాయిట్ నగరమున పాడి రికార్డు చేయించిన ఒక పాట మిక్కిలి ప్రసిద్ధి చెందినది. అందు వినబడునవి ఆయన కంఠము, ఆయన గిటారు, ఆయన పాదము చేయు చప్పుడు మాత్రమే. ఇట్లు చేతులు రెండును వేరొక వాద్యముపై నుండగా పాదముతో తాళము వేయుటకై చిన్న చెక్కపెట్టెలు నేడు అంగళ్లలో దొరకుచున్నవి. అట్టి పెట్టెను ఇంట మనమే చేసికొనవచ్చును. దబీర్‌పురాలో ఒక బాలుడు దానిని ఎట్లు చేసెనో, దాని వలన ఏమి నేర్చెనో ఇప్పుడు చెప్పుకొందము.

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారునకు తూర్పు వైపున, దబీర్‌పురా అను పేట కలదు. పారసీక భాషలో ‘దబీర్’ అనగా వ్రాయసకాడు. ఒకప్పుడు నగరము చుట్టును గోడయు, ఆ గోడకు అనేక ద్వారములును ఉండెడివి. వానిలో నేటికిని నిలిచియున్నవి రెండే. ఒకటి పురానాపూల్ దర్వాజా, రెండవది దబీర్‌పురా దర్వాజా. పాతబస్తీ వీధులకు తాళము క్రొత్త కాదు. అరబ్బులును, ఆఫ్రికా నుండి వచ్చిన సిద్దీలును తెచ్చిన మర్ఫా వాద్యము మ్రోగనిదే అచ్చట పెక్కు పెండ్లి ఊరేగింపులు కదలవు.

ఆ పేటలో నివసించు ఒక బాలునికి హార్మోనియము వాయించుచు పాడుట వచ్చును. అతడు ఎనిమిదవ తరగతి విద్యార్థి. వానికి తోడుగా తబలా వాయించు మిత్రుడు ఒకడుండెను గాని, వాని తండ్రికి వేరొక ఊరికి బదిలీ యగుటచే అతడు వెడలిపోయెను. పాఠశాల వార్షికోత్సవమున బాలుడు ఒంటరిగా పాడవలసి వచ్చెను. సంగీతోపాధ్యాయుడు వాని పాట విని, “నాయనా! నీ కంఠము బాగుగ నున్నది. కాని నీ పాట నడచుట లేదు, పరుగెత్తుచున్నది. పల్లవిలోని నడక చరణమున కానరాదు” అనెను. బాలుడు ఆ మాటను నమ్మలేదు. తబలా లేకపోవుటయే లోపమని తలచెను. తబలా కొనుటకు ఇంట ధనము లేదు. కొన్నను, ఎడమచేయి తిత్తిపైనను కుడిచేయి మెట్లపైనను ఉండగా దానిని వాయించుటకు వానికి మూడవ చేయి లేదు. మిగిలినది పాదమే.

అతడు ఇంటి మూలనున్న మందమైన టేకుపలకను తెచ్చి, షాబాదు బండలపై పరచి, మడమతో త్రొక్కి చూచెను. “టక్కు” మను పొడి చప్పుడు తప్ప గంభీరమైన నాదము రాలేదు. మరింత బలముగా త్రొక్కెను. మడమ నొచ్చెను గాని నాదము పెరుగలేదు.

వాని ఇంటి గోడ ప్రక్కనే వడ్రంగము చేయు వృద్ధుడొకడు ఉండెను. అందరును ఆయనను మిస్త్రీ అందురు, బాలుడు చాచా అని పిలుచును. ఆయన ఆ పలకను చూచి నవ్వి, తన అంగడిలో నున్న రెండు చెక్కలను తీసెను. ఒకటి మందమైనది, రెండవది పలుచని ప్లైవుడ్డు. రెండింటిని అంచులు పట్టుకొని వ్రేలి కణుపుతో తట్టెను. మందపు చెక్క “టక్” అనెను. పలుచని చెక్క “దుమ్” అనెను.

“బేటా! నీవు కొట్టు దెబ్బలో బలము చాలును. చెక్కకు ఊగుటకు చోటు లేదు. నేలకు అంటుకొనిన పలక ఎట్లు పలుకును? మృదంగము చర్మము క్రింద ఏమున్నది?” అని ఆయన అడిగెను.

“ఏమియు లేదు చాచా, ఖాళీయే” అని బాలుడు చెప్పెను.

“ఆ ఖాళీయే నీ పలకకు కావలెను” అని మిస్త్రీ అనెను.

ఆయన చెప్పినదానిలో శాస్త్రము కలదు. చెక్క క్రిందికి మీదికి కంపించి గాలిని కదలించుటచే నాదము పుట్టును. ఒకే కొలతలు గల రెండు పలకలలో ఒకదాని మందము రెండవదానిలో సగమైనచో, దాని కంపనముల సంఖ్యయు దాదాపు సగమగును. కావున దాని నాదము గంభీరముగ నుండును. పలక పొడవు వెడల్పులు పెరిగినను కంపనములు తగ్గి నాదము దిగును. అయితే పలక మిక్కిలి పలుచనైనచో పాదఘాతమునకు విరిగిపోవును. పాదమును మోయగల బలమును, కంపింపగల పలుచదనమును రెండును ఉండవలెను. 6 మిల్లీమీటరుల మందము గల మంచి ప్లైవుడ్డు ఈ రెండింటికిని తగియుండును.

ఇక పెట్టె చేయు విధమును వివరింతము. ప్రక్కగోడలకును, అడుగునకును 12 మిల్లీమీటరుల ప్లైవుడ్డు కావలెను. పై పలకకు 6 మిల్లీమీటరులది కావలెను. గోడలకై 30 సెంటీమీటరుల పొడవు, 7 సెంటీమీటరుల ఎత్తు గల ముక్కలు రెండును, 19.6 సెంటీమీటరుల పొడవు, అదే ఎత్తు గల ముక్కలు రెండును కోయవలెను. పై పలకయు అడుగు పలకయు 30 సెంటీమీటరుల పొడవు, 22 సెంటీమీటరుల వెడల్పు ఉండవలెను. వడ్రంగి అంగడిలో మిగిలిపోయిన తుంటలు ఇందుకు చాలును. రంపమును, బరమాను వాడునప్పుడు పెద్దవారు దగ్గర నుండుట అవసరము.

పొట్టి గోడలలో ఒకదాని నడుమ 5 సెంటీమీటరుల వ్యాసము గల వృత్తము గీయవలెను. ఆ గీత వెంబడి బరమాతో చిన్నచిన్న రంధ్రములు వేసి, నడిమి ముక్కను తీసివేసి, అంచును ఆకురాయితో నున్నగా చేయవలెను. పొడవు గోడల నడుమ పొట్టి గోడలను నిలిపి, మూలలకు కర్రజిగురు పూసి, మూలమట్టముతో సరిచూచి, త్రాటితో గట్టిగా బిగించి ఒక రాత్రి ఆరనీయవలెను. మూలలు సరిగా కుదరనిచో పై పలక ఒకచోట ఆని, వేరొకచోట ఆనక, త్రొక్కినప్పుడెల్ల గరగర మ్రోగును.

మరునాడు గోడల పై అంచులకు ఎడములేకుండ జిగురు పూసి పై పలకను అమర్చవలెను. దానిపై ఇటుకలు బరువుగా పెట్టి మరల ఒక రాత్రి ఉంచవలెను. ఈ పలక క్రింద నడుమ ఎట్టి ఆధారమును పెట్టరాదు. నాలుగంచులు గట్టిగా పట్టుకొని యుండవలెను, నడుమ భాగము స్వేచ్ఛగా ఊగవలెను. అడుగు పలకను మాత్రము జిగురుతో అంటింపక మరమేకులతో బిగించుట మేలు. లోపల ఏదైన చక్కదిద్దవలసి వచ్చినప్పుడు తెరచుటకు వీలుండును. పిదప అంచులను గరుకు కాగితముతో రుద్ది, అడుగున నాలుగు మూలలను పాత సైకిలు ట్యూబు ముక్కలు అంటింపవలెను. వాని వలన పెట్టె బండలపై జారదు. దెబ్బ అదురు నేలలోనికి ప్రాకుటయు తగ్గును.

గోడకు చేసిన రంధ్రము అందము కొరకు కాదు. పెట్టెలోని గాలియు ఒక వాద్యమువంటిదే. ఖాళీ సీసా మూతిపై ఊదినప్పుడు “భుమ్” అను నాదము వచ్చుట మీరు ఎరుగుదురు. మూతిలోని గాలి లోనికిని వెలుపలికిని ఊగుటయే దానికి కారణము. జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ (1821-1894) బోలుగోళములతో ఈ విషయమును పరిశోధించెను. ఆయన పేర ప్రసిద్ధమైన సూత్రము ననుసరించి లెక్కించినచో, మన పెట్టెలోని గాలి సెకనునకు సుమారు 170 మారులు ఊగును. రంధ్రము వ్యాసము సగమైనచో ఆ సంఖ్య సుమారు 110కి దిగును. అనగా రంధ్రము చిన్నదైన కొలది స్థాయి దిగును. అయితే వెలుపలికి వచ్చు నాదము తగ్గును. రంధ్రమునకు అడ్డముగ అట్టముక్కను కొంచెము కొంచెము జరుపుచు పెట్టెను తట్టి చూచినచో ఈ భేదమును మీ చెవులే చెప్పును.

ఇంకను రెండు సొగసులు కూర్చవచ్చును. పెట్టె ప్రక్కగోడకు నాలుగు గజ్జెలు దారముతో కట్టినచో ప్రతి ఘాతమునకును అవియు పలుకును. గజ్జెలు లేనిచో, రేకు సీసామూతలకు నడుమ చిల్లులు చేసి ఒక మేకునకు వదులుగా గ్రుచ్చినను చాలును. సభ పెద్దదైనచో పై పలక క్రింద పీజో బిళ్ల యొకటి అంటింపవచ్చును. కొన్ని స్ఫటికములను నొక్కినప్పుడు వాని యందు విద్యుత్తు పుట్టునని 1880లో పియర్ క్యూరీ, జాక్ క్యూరీ అను ఫ్రెంచి సోదరులు కనుగొనిరి. ఆ ధర్మమే ఈ బిళ్లయందు పనిచేయును. కోఠీలోని గుజరాతీ గల్లీ అంగళ్లలో ఇట్టి బిళ్లలు కొద్ది ధరకే దొరకును. దాని రెండు తీగలను బ్యాటరీతో నడచు చిన్న యాంప్లిఫయరునకు కలిపినచో పాదము చప్పుడు సభ కొనవరకు వినబడును. ఆ తీగలను ఇంటి విద్యుత్తునకు ఎన్నడును తగిలింపరాదు.

పెట్టెను వాయించుటకు కొంచెము ఎత్తైన పీటపై కూర్చుండవలెను. మడమను పెట్టె వెనుక అంచుపై, అనగా గోడకు సరిగా మీదుగా ఆనించి, పాదము ముందుభాగమును ఎత్తి పలక నడుమ వ్రాల్చవలెను. ఆదితాళమునకు ఎనిమిది అక్షరములు. చేతితో వేయునప్పుడు ఒకటవ, ఐదవ, ఏడవ అక్షరములపై ఘాతము పడును. తక్కినవి వ్రేళ్ల లెక్కతోను, చేయి త్రిప్పుటతోను నిండును. ఆ మూడు ఘాతములనే పాదమునకు అప్పగింపవలెను. తక్కిన ఐదింటిని మనస్సులో లెక్కింపవలెను. కష్టము ఆ ఐదింటిలోనే కలదు.

పెట్టె సిద్ధమైన సాయంకాలము బాలుడు హార్మోనియము ముందు కూర్చుండి పల్లవి ప్రారంభించెను. “దుమ్” అని పెట్టె గంభీరముగ పలికెను. వాని ఆనందమునకు మేర లేదు. కాని చరణమునకు వచ్చుసరికి పాట ఒకచోట, పాదము వేరొకచోట పడసాగెను. మరల ప్రారంభించెను. మరల అట్లే జరిగెను. అతడు అడుగు మరమేకులు విప్పి బిగించెను, గజ్జెలను సవరించెను. తుదకు మిస్త్రీ వద్దకు పోయి, “చాచా! పెట్టెలో ఏదో లోపమున్నది” అనెను. మిస్త్రీ పెట్టెను నలువైపుల తట్టి చూచి, “పెట్టెలో లోపము లేదు బేటా! ఇది తాళము వేయదు. నీవు వేసినదానిని నీకు వినిపించును, అంతే” అనెను. ఉపాధ్యాయుని మాట అప్పుడు బాలునికి జ్ఞాపకము వచ్చెను.

ఇంతలో మొహర్రము నెలవంక కనబడెను. క్రీ.శ. 680లో కర్బలా మైదానమున ప్రాణములర్పించిన ఇమాము హుసేనును తలచి దుఃఖించు దినములవి. దబీర్‌పురాలోని బీబీకా అలావా నుండి పదియవ దినమున బయలుదేరు బీబీకా ఆలం ఊరేగింపును చూచుటకు నగరమంతయు తరలివచ్చును. ఆ పేటలోని షియా కుటుంబములవారు నల్లని దుస్తులు ధరింతురు. ఆ సంతాపదినములలో వారి ఇండ్లలో వాద్యములు మ్రోగవు, శుభకార్యములు జరుగవు. మిస్త్రీ కుటుంబమును అట్టిదే. వారికిని బాలునికిని నడుమ నున్నది ఒక్క గోడ.

వార్షికోత్సవమునకు ఎంతో కాలము లేదు. సాధన మానినచో పాట చెడునేమో యని బాలునికి భయము. అయినను అతడు మిస్త్రీ వద్దకు పోయి, “చాచా! ఈ దినములలో నేను పెట్టె వాయింపవచ్చునా?” అని అడిగెను. మిస్త్రీ కొంతసేపు ఊరకుండి, “నీ ఇంట నీవు వాయించిన నేను కాదనను బేటా! నీవు వచ్చి అడిగితివి. అదియే నాకు చాలును” అనెను. బాలుడు ఇంటికి వచ్చి, పెట్టెను దుప్పటిలో చుట్టి అటుకపై పెట్టెను. హార్మోనియమును మూసెను.

నాటినుండి అతడు సాయంకాలము కన్నులు మూసుకొని కూర్చుండి పాటను మనస్సులోనే పాడుకొనుచు, తొడపై వ్రేళ్లతో ఎనిమిది అక్షరములను లెక్కించుచుండెను. చప్పుడు లేని ఆ సాధనలో అతడొక విషయము కనిపెట్టెను. చరణమున స్వరము పైస్థాయికి ఎక్కుచోట వాని గుండె వడిగా కొట్టుకొనును. అందుకొనలేనేమో యను జంకుచే ఆరవ, ఎనిమిదవ అక్షరములను అతడు పూర్తిగా నిలువనీయక మ్రింగివేయుచుండెను. పరుగు అచ్చట పుట్టుచున్నది. దోషము తబలా లేకపోవుటలోను లేదు, పెట్టెలోను లేదు. అతడు ఆ చోటికి వచ్చినప్పుడెల్ల ఊపిరి నిండుగా తీసికొని, ఆ రెండు అక్షరములను ఓపికతో నిలుపుట అభ్యసించెను.

సంతాపదినములు గడచిన పిమ్మట మిస్త్రీయే వచ్చి, “బేటా! పెట్టెకు చెదలు పట్టినదా? వినబడుట లేదే!” అని పలుకరించెను. బాలుడు పెట్టెను దింపి, దుమ్ము తుడిచి, ఆయన యెదుటనే పాడెను. పాటయు పాదమును చరణము దాటి తుదివరకు కలిసియే నడచెను.

వార్షికోత్సవమున పాట నడుమ గజ్జెల దారము తెగి, గజ్జెలు వేదికపై దొరలిపోయెను. సభలో కొందరు నవ్విరి. బాలుని పాదము మాత్రము ఆగలేదు, తొందరపడలేదు. పాట ముగిసిన పిదప సంగీతోపాధ్యాయుడు వానిని దగ్గరకు పిలిచి, “నేడు నీ పాట నడచినది” అనెను. ఆ ఒక్కమాటకై బాలుడు ఎంత శ్రమపడెనో గోడ ప్రక్కనున్న మిస్త్రీకి తెలియును.

బాలలారా! ఆరు చెక్కముక్కలు, కొంత జిగురు, రెండు రాత్రుల ఓపిక ఉన్నచో ఈ పెట్టెను మీరును చేయవచ్చును. చేసిన పిమ్మట దానిని వాయించుట ఎంత ముఖ్యమో, అది చెప్పుమాట వినుట అంత ముఖ్యము. ఇరుగుపొరుగువారికి విశ్రాంతియో, దుఃఖమో ఉన్నవేళ దానిని దుప్పటిలో చుట్టి పెట్టుటయు తాళము నెరిగినవాని లక్షణమే. ఎప్పుడు పలుకవలెనో, ఎప్పుడు ఊరకుండవలెనో తెలియుటనే గదా తాళజ్ఞానమందురు!

ప్రశ్నలు

1. తెలుగువారి కళలలో పాదముతో తాళము వేయు కళాకారులను గూర్చి వ్రాయుడు.
2. పలుచని పలక గంభీరముగ పలుకుటకు కారణమేమి? పెట్టెకు రంధ్రమెందుకు?
3. “ఇది తాళము వేయదు. నీవు వేసినదానిని నీకు వినిపించును.” ఈ మాటలు ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున అనిరి?
4. పెట్టెను అటుకపై పెట్టిన దినములలో బాలుడు నేర్చినదేమి?